చిటికెన వేలు లేని గ్లౌజు

మా అన్నకు గ్లౌజులు వెతుకుతూ గద్వాల నుంచి సోమశిల దాకా వెళ్ళొచ్చానంటే విన్నవాళ్ళంతా నవ్వుతున్నారు. నవ్వితే నవ్వనీ. కాశీకి వెళ్ళినవాళ్ళు కాశీ గురించి రాస్తారు, నేను వెళ్ళింది సోమశిలకు కాబట్టి దాని గురించి రాస్తున్నాను. ఆ దారిన వెళ్ళనివాళ్ళకు పనికొచ్చే సంగతులు కూడా కొన్ని చెబుతాను. ఎక్కడ రొట్టె బాగుంటుందో, ఎక్కడ చాయ్ తాగకూడదో చెప్పడంలో నా మాట నమ్మవచ్చు, మహబూబ్‌నగర్‌లో ఇరవై ఏళ్ళు మెస్ నడిపిన దాన్ని. మిగతాదంతా మా ఇంటి పంచాయతీ.

గద్వాల: వదిన షరతు

మా పుట్టిల్లు గద్వాల. నాన్న చీరలు నేసేవాడు, ఆయన తర్వాత అన్న నేస్తున్నాడు. పోయిన ఏడు మెస్ మూసేశాక ఈ చలికాలమే తీరుబడిగా పుట్టింటికి వెళ్ళాను. చెప్పులు విడిచానో లేదో, వదిన నన్ను మగ్గం పక్కన కూర్చోబెట్టి మొదలుపెట్టింది.

విషయం ఇది. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు మొండిది, ఎలాంటి చేతినైనా ఓర్చుకుంటుంది. పట్టు అలా కాదు. వేలి కొస కాస్త పగిలి గరుకెక్కినా పోగు దానికి తగులుకుని లేచిపోతుంది. నూనె రాసుకుందామంటే పట్టుకు మరక. మా అన్నకేమో నాన్న నుంచి వచ్చిన గాలం పిచ్చి, అదీ చలికాలం పొద్దున్నే. చన్నీళ్ళూ చలిగాలీ కలిసి వేళ్ళను ఎండిన చెరువు మట్టిలా చేస్తాయి. పోయిన చలికాలం అలాంటి వేళ్ళతోనే కొంగు నేశాడు. పోగులు లేచి కొంగంతా పాడైంది. నేయించుకున్న షావుకారు ఆ చీర తీసుకోనన్నాడు. వదిన దాన్ని కట్టదు, ఇంకొకరికి ఇవ్వదు. గొడవ వచ్చినప్పుడల్లా పెట్టెలోంచి తీసి చూపిస్తుంది. ఆ రోజూ తీసింది.

"అవ్వ కావాలె, బువ్వ కావాలె అంటె యాడైతది సుశీలా? మగ్గమన్న చెయ్యాలె, గాలమన్న పట్టాలె. వచ్చే వారం కొత్త చీరకు కొంగు మొదలువెడ్తుండు మీ అన్న. ఈసారి గిట్ల చేతులు పగిలినయంటె ఆ గాలం కట్టెను పొయ్యిల వెడ్త" అంది.

"పగలవు" అన్నాడు అన్న, నేల చూస్తూ.

"పోయినేడు గూడ గట్లనే అంటివి."

మధ్యలో దూరడం నాకు అలవాటు. "గ్లౌజులు తొడుక్కోని పట్టరాదన్నా" అన్నాను.

వదిన నావైపు తిరిగింది. "మంచిగ చెప్పినవ్. ఇద్దరు పొండ్రి. యాడ తిరుగుతరో తిరగండ్రి, ఏం గ్లౌజులు కొంటరో కొనండ్రి. వచ్చినంక పట్టు పోగు పెట్టి చూస్త. పోగు జారితె గాలం నీది. పట్టుకున్నదా, ఇగ ఈ ఇంట్ల గాలం పేరెత్తొద్దు."

పట్టు పోగు పెట్టి చూడటం మా నానమ్మ నాటి పద్ధతి. పట్టు పని మొదలుపెట్టే ముందు ఒక్క పోగును వేళ్ళ కొసల మీదుగా లాగుతారు. పోగు జారిందా, మగ్గం ఎక్కు. ఆగిందా, చేతులు మెత్తబడేదాకా నూలు పనే. ఆ పరీక్షకు అప్పీలు లేదు.

నేను అన్న ముఖం చూశాను. అరవై దాటిన మనిషి, బడిలో పలక పోగొట్టుకున్న పిల్లవాడిలా కూర్చున్నాడు. నాన్న వదిలి వెళ్ళినవి రెండే, మగ్గం, గాలం. మగ్గం అన్నం పెడుతుంది. గాలం పట్టుకున్నప్పుడు మాత్రం నాన్న పక్కనే కూర్చున్నట్టు ఉంటుందని అన్న నాతో ఎన్నోసార్లు అన్నాడు. గాలం పోతే అన్నకు నాన్న రెండోసారి పోయినట్టే. నాకూ అంతే.

నాన్నకూ గ్లౌజులుండేవి. పాత ఫ్లానెల్ చొక్కా కత్తిరించి అమ్మ కుట్టిన బూడిద రంగు జత. ఎడమచేతి గ్లౌజుకు చిటికెన వేలు ఉండేది కాదు. ఎలుక కొరికిందనుకునేదాన్ని. నది దగ్గరికి నడుస్తుంటే నాన్న ఎడమ చెయ్యి పట్టుకునేదాన్ని. మెత్తటి బట్టలోంచి ఆ ఒక్క వేలే బయటికి వచ్చి, చల్లగా నా అరచేతికి తగిలేది. నడుస్తున్నంతసేపూ ఆ రంధ్రం చుట్టూ నా వేలు తిప్పుతూ ఉండేదాన్ని. ఇప్పుడు ఆ గ్లౌజులు లేవు. ఎప్పుడు, ఎలా పోయాయో ఎవరికీ తెలియదు.

నాన్న అప్పుడప్పుడు సొంతంగా ఒకటి రెండు చీరలు నేసి, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పెళ్ళిళ్ళ ఇళ్ళకు తీసుకెళ్ళి అమ్మేవాడు. ఒక చలికాలం అమ్మనూ మమ్మల్నీ వెంట తీసుకెళ్ళి, చీరలు అమ్ముడుపోయాక సోమశిలలో గాలం వేశాడు. అదే దారిన పోదామన్నాడు అన్న. సరేనన్నాను.

బీచుపల్లి: నల్ల గ్లౌజులు

గద్వాల బస్టాండు ఎదురుగా మోటారుసైకిలు సామాన్ల దుకాణంలో మొదటి జత కొన్నాం. నల్లగా, కణుపుల దగ్గర గట్టి చిప్పలతో, కుస్తీకి వెళ్ళేవాడి చేతుల్లా ఉన్నాయి.

"చలికి, గాలికి, కింద పడ్డ దెబ్బకు, దేనికైన ఆగుతయి పెద్దాయనా" అన్నాడు దుకాణం అతను.

"చేపకు?" అని అడిగాను.

"చేప యాడ దెబ్బ కొడ్తదమ్మా" అన్నాడు. ఆ జవాబు విన్నాక కూడా కొన్నామంటే తప్పు మాదే.

బీచుపల్లి వంతెనకు దూరంగా, జనం లేని చోట రాళ్ళ మీద కూర్చున్నాం. కృష్ణ మీద పొగమంచు. గ్లౌజులు తొడుక్కుని అన్న మట్టి డబ్బాలోంచి ఎరకని తెచ్చిన ఎర్రను, అంటే వానపామును, తీయబోయాడు. ఎర్ర అనుకుని తీసింది పుల్ల. మళ్ళీ తీస్తే వేరు ముక్క. చివరికి నేనే గుచ్చి ఇచ్చాను, ముఖం పక్కకు తిప్పుకుని. కాసేపటికి నీళ్ళ మీద తేలుతున్న బెండు మునిగింది. చేప ఎర తిని, నోరు తుడుచుకుని వెళ్ళిపోయి ఉంటుంది, అప్పుడు లాగాడు అన్న.

"ఏం తెలుస్తలేదు చెల్లె. కట్టె పట్టుకున్ననో ఇనుప రాడ్ పట్టుకున్ననో గూడ తెల్వదు" అన్నాడు.

హైవే పక్కన వేయించిన చేపలు అమ్ముతున్న బండి దగ్గర ఆగి తిన్నాం. కారం ఎక్కువ, ఉప్పు తక్కువ, నూనె మాత్రం తాజాది. మా మెస్‌లో అయితే నిమ్మకాయ ముక్క ఇచ్చేవాళ్ళం. అడిగితే రెండు రూపాయలన్నారు. ఇవ్వలేదు, పిండుకోలేదు.

వనపర్తి: ఊలు కొట్టుకుపోయింది

వనపర్తిలో ఒక ముసలామె మంచం మీద టోపీలు, స్వెట్టర్లు పరిచి అమ్ముతోంది. అన్న చేతిని తన చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది, వైద్యురాలిలాగా.

"చేతులు మంచిగున్నయి బేటా. ఏం పని?"

"పట్టు నేస్తనమ్మా."

"పట్టు నేసేటోనికి ఊలే మంచిది. గొర్రెకు చలి వెడ్తదా?" అని ముదురు ఎరుపు జత చేతికి తొడిగింది. గొర్రె చేపలు పట్టదన్న సంగతి మా ఇద్దరికీ అప్పుడు తట్టలేదు.

ఆ పూట తిన్న జొన్నరొట్టె గురించి చెప్పకపోతే పాపం. బస్టాండు వెనక సందులో ఒకావిడ పొయ్యి ముందు కూర్చుని చేతితో తట్టి ఇస్తోంది, రొట్టె పదిహేను రూపాయలు, పచ్చికారం ఉచితం. గద్వాలలో రొట్టె పలుచన, పెళుసు. ఇక్కడ కొంచెం మందం, మెత్తన. నాన్న వనపర్తి వచ్చినప్పుడల్లా నాలుగు రొట్టెలు తువాలులో చుట్టుకుని తెచ్చేవాడు. ఇంటికి చేరేసరికి చల్లారి తోలులా అయ్యేవి. అయినా మేం కొట్టుకుని తినేవాళ్ళం. వేడి మీద దాని రుచి ఇదని ఇన్నేళ్ళకు తెలిసింది. నాన్న ఎదురుగా కూర్చుని తినలేదే అనిపించింది.

మర్నాడు పొద్దున ఊరి బయట కాలువ దగ్గర కూర్చున్నాం. మొదట్లో ఊలు స్వర్గం. ఒక్కసారి తడిశాక చెప్పనక్కర్లేదు, మంచు ముద్దలు కట్టుకున్నట్టే. పైగా గాలం ఊలుకు తగులుకుంటే రాదు. పళ్ళతో విడదీయబోయి, కుదరక, అన్న ఎడమ గ్లౌజు విప్పి గట్టు మీద పెట్టాడు. దానికి గుచ్చుకున్న గాలాన్ని అలాగే మరిచిపోయి కట్టె ఎత్తాడు. గ్లౌజు ఎగిరి కాలువలో పడింది, దారం తెగింది.

కాలువ పారకం జోరు మీద ఉంది. ఎర్ర గ్లౌజు వేళ్ళు పైకి పెట్టుకుని, టాటా చెబుతున్నట్టు వెళ్ళిపోయింది. దిగువన బట్టలు ఉతుకుతున్న ఆమె చూసి కేక పెట్టింది. చుట్టుపక్కల పొలాల వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. మేం చేరేసరికి ఒకాయన నడుం లోతు నీళ్ళలో నిలబడి కట్టెతో గ్లౌజును గట్టుకు తోస్తున్నాడు.

"ఎవరో మునిగిండ్రనుకున్న. పాణం పోయినట్లాయె" అంది ఆమె.

"మాఫ్ చెయ్యమ్మా, నాదే" అన్నాడు అన్న చెయ్యి చాపి.

"నీదైతె నీకే ఉండాలె గద. నీళ్ళల్ల ఎందుకేసినవ్?" అన్నాడు నీళ్ళలోని పెద్దమనిషి.  తర్వాత అందరూ నవ్వారు, చాయ్ కూడా పోశారు. అల్లం చాయ్, బాగుంది.

నాగర్‌కర్నూల్: తెల్ల జత

పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదంటారు. నాగర్‌కర్నూల్ చేరేసరికే నీడలు పొడుగయ్యాయి. బడి యూనిఫారాల దుకాణంలో గణతంత్ర దినం కవాతుకని తెచ్చిన పలుచని నూలు గ్లౌజులు కనిపించాయి. తెల్లగా మెరుస్తున్నాయి. విసుగులో అవీ కొన్నాను.

"ఇవి తొడుక్కోని నేను బ్యాండు మేళంల వొయ్యి బూర ఊదాల్నా?" అన్నాడు అన్న.

దుకాణం ఆయన మా కథంతా విని, "గింత దానికి పరేషాన్ ఎందుకు? వేళ్ళ కొసలు కత్తిరిస్తె అయిపాయె. గాలం తెలుస్తది, చెయ్యి వెచ్చగుంటది" అన్నాడు.

ఈ సలహా మాకు గద్వాల నుంచీ ప్రతి దుకాణంలోనూ ఇస్తూనే ఉన్నారు. ప్రతిసారీ అన్న చేతులు వెనక్కి తీసుకుంటాడు. "ఆ కొసలు బయటుంటె పగుల్తయి. ఆ కొసలే నా మగ్గం" అన్నాడు ఇక్కడ కూడా. చిక్కంతా అదే. కొసలు మూస్తే చేప తెలియదు, తెరిస్తే పట్టు ఒప్పుకోదు.

సాయంత్రం కేసరి సముద్రం గట్టు మీద కూర్చుని ఉడకబెట్టిన పల్లీలు తిన్నాం. చిన్నప్పటి ఆ ప్రయాణంలో నాన్న ఇక్కడే ఒక పొట్లం కొని నలుగురికీ పంచాడు. అమ్మ తన వాటా మా ఇద్దరికీ వలిచి పెట్టింది. ఈసారి చెరో పొట్లం కొనుక్కున్నాం. ఇద్దరికీ సగం మిగిలాయి.

కోడేరు: మందు కొట్టే గ్లౌజులు

కోడేరులో ఆటో మారే సందులో పురుగుమందుల దుకాణం కనిపిస్తే, పొలంలో మందు కొట్టేటప్పుడు తొడుక్కునే పలుచని రబ్బరు గ్లౌజులు తీసుకున్నాం. పక్కనున్న రైతు మమ్మల్ని వింతగా చూశాడు.

"మందు గొట్టెటోళ్ళమే తొడుక్కోం, మీరు చేపలకు తొడుక్కుంటరా" అన్నాడు. మీరు తొడుక్కోవాలి అని ఆయనకు కాసేపు చెప్పాను. తల ఊపాడు గానీ కొనలేదు.

సోమశిల: నాన్న పట్టు

సోమశిలలో కృష్ణ నదిలా ఉండదు, అటు నల్లమల కొండల దాకా నీళ్ళే. పొద్దున మంచులో కొండలు కనిపించలేదు. డ్యాం నీళ్ళు వచ్చాక, నేను చిన్నప్పుడు చూసిన గట్టు ఎక్కడో పోల్చుకోలేకపోయాను. చలి మాత్రం అప్పటిదే.

బాలయ్య అనే జాలరి గుండ్రటి పుట్టి పడవలో వల సర్దుకుంటున్నాడు. మమ్మల్ని తన వలకు అడ్డం రాని చోట కూర్చోమన్నాడు. అన్న రబ్బరు గ్లౌజులు తొడిగాడు. నీళ్ళు లోపలికి రాలేదు గానీ లోపలి చెమటే నీరైంది. విప్పి చూస్తే వేళ్ళు నానబెట్టిన మామిడి ఒరుగుల్లా ముడతలు పడ్డాయి, దాని మీద చలి. అన్న సంచిలోంచి తెల్ల నూలు జత తీసి ముందు అది తొడిగి, పైన రబ్బరు తొడిగాడు. కాసేపు చూశాడు.

"వెచ్చగుంది చెల్లె. తడి గూడ లేదు" అన్నాడు.

నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే బెండు కదిలింది, మునిగింది, తేలింది. అన్న చేతికి ఏమీ తెలియలేదు. రెండోసారీ అంతే. మంచులో బెండు సరిగా కనిపించదు. దారం చేతికి చెప్పాలి. రెండు పొరల కింద చేతికి ఏం వినబడుతుంది?

బాలయ్య పుట్టి దగ్గరికి తెచ్చాడు. "కొసలు కొయ్యి పెద్దాయనా. నా చేతులు సూడు" అని అరచేతులు చాపాడు. వేళ్ళ కొసల నిండా నల్లటి పగుళ్ళు.

"నీ వల నైలాన్‌ది తమ్మీ, పగిలినా పట్టుకోదు. నాది పట్టు" అన్నాడు అన్న.

"నిజమే" అన్నాడు బాలయ్య, తన చేతులు చూసుకుంటూ. "నైలాన్ దేనికీ తగులుకోదు."

అన్న కట్టెకు దారం చుట్టడం మొదలుపెట్టాడు. "ఇగ పోదాం చెల్లె. నాయిన చేసినట్ల రెండు చేసుడు నాతోని కాదు. మగ్గమొక్కటి చాలు" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చి ఆ కట్టెను వదిన పొయ్యి కోసం మోసుకెళ్తున్నాం.

"నాయినెట్ల చేసెటోడన్నా? ఆయన చేతులు ఎప్పుడు పగల్లేదు గద" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఏమో." అన్న కట్టెను మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని, నాన్న కూర్చున్నట్టు ఒక మోకాలు పైకి పెట్టి కూర్చున్నాడు. "గిట్ల కూసుంటుండె. గిట్ల పట్టుకుంటుండె." చిన్నప్పుడు అన్న నాన్నను అనుకరించి అమ్మను నవ్వించేవాడు. చేతులకు అది ఇంకా గుర్తుంది. కుడిచేత్తో కట్టె పట్టుకుని, ఎడమచేతి చిటికెన వేలు పైకి లేపి, తంగూసు దారాన్ని దాని మీదుగా వేశాడు.

నాన్న అలాగే పట్టుకునేవాడు. అందరూ చూపుడు వేలి మీద వేసుకుంటే ఆయన చిటికెన వేలి మీద. అది నాన్న షోకు అనుకునేవాళ్ళం.

అన్న ఆ వేలినే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కట్టె పక్కన పెట్టి, పోగును అటూ ఇటూ మోసే నాడెను గాలిలోనే విసిరాడు, అటు నుంచి అందుకున్నాడు, తెగిన పోగు ముడివేశాడు, లేని మగ్గం మీద. ఎడమచేతి చిటికెన వేలు దేన్నీ తాకకుండా పక్కన నిలబడి ఉంది.

"దీనికి మగ్గం కాడ పనే లేదు చెల్లె" అన్నాడు మెల్లగా.

బాలయ్య కత్తి ఇచ్చాడు. ఎడమ చేతి రబ్బరుకు, లోపలి నూలుకు చిటికెన వేలు మొదలుకంటా కోసి, నీళ్ళు దూరకుండా మొదట్లో రబ్బరు బ్యాండు వేశాడు అన్న. దారం ఆ ఒంటి వేలి మీద వేసుకుని కూర్చున్నాడు. మంచు విడిపోయి కొండలు కనిపించేవేళకు ఆ వేలు ఒక్కసారి అదిరింది. లాగాడు. మంచి రవ్వ చేప.

"నాయిన గ్లౌజు ఎలుక కొరకలేదే. నాయినే కోసిండు" అన్నాడు, చేపను నాకిచ్చి.

"అమ్మ కుట్టిన దాన్ని నాయిన కోస్తడా? అమ్మ ఊకుంటదా? ఎలుకనే" అన్నాను. నమ్మాలనే ఉంది. కానీ నా ఎలుకను అంత తొందరగా వదులుకోలేను, దానితో ఎన్నో ఏళ్ళు బతికాను.

బాలయ్య భార్య రవ్వను పులుసు పెట్టింది. చింతపండు తక్కువ, పచ్చిమిరపకాయలు ఎక్కువ, చివర్లో మెంతిపొడి. మెస్‌లో నేను చేసిన ఏ చేపల పులుసూ దాని ముందు నిలవదు. ఇది ఒప్పుకోవడానికి నాకు మామూలుగా చాలా కష్టం.

మళ్ళీ గద్వాల

మేం రాగానే వదిన కాళ్ళకు నీళ్ళిచ్చింది, అన్నం పెట్టింది, చేతులు తుడుచుకోమంది. అప్పుడు పట్టు పోగు తెచ్చింది. అన్న రెండు చేతులూ చాపాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను.

కుడిచేతి బొటనవేలి మీద పోగు జారింది. చూపుడు వేలి మీద జారింది. ఒక్కో వేలి మీదా వదిన తొందర లేకుండా లాగుతోంది. ఎడమ చేతికి వచ్చింది. బొటనవేలు, చూపుడు, నడిమి, ఉంగరం. చిటికెన వేలి మీద పోగు ఆగింది. లాగితే తెగింది.

 వదిన తెగిన ముక్కను వేలికి చుట్టుకుంటూ అన్న ముఖం చూసింది.

"పట్టుకున్నది" అంది.

"పట్టుకుంటది. గా వేలు పట్టును ముట్టదు" అన్నాడు అన్న, మగ్గం ఎక్కి కూర్చుని. నాడె విసిరాడు. వదిన కిందికి వంగి ఆ వేలినే చూసింది. పెళ్ళైనప్పటి నుంచీ ఆ చేతుల పక్కనే కండెలు చుడుతున్న మనిషి, ఆ వేలిని అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూసింది. వేలు ఎక్కడా తగల్లేదు. నాడె అటూ ఇటూ పోతూనే ఉంది.

"గ్లౌజు ఏది?" అంది చివరికి.

తెల్ల జత అందించాను. కోసిన చోట నూలు పోగులు వేలాడుతున్నాయి. వదిన వాటిని చూసి నాలుక చప్పరించింది. "గిట్ల వదిలేస్తె రేపటికి మొత్తం ఊడుతది. కోసుడే తెలుసు మొగోళ్ళకు" అని సూది తీసుకుంది. రంధ్రం అంచును లోపలికి మడిచి, చుట్టూ సన్నటి కుట్లు వేయసాగింది. వేస్తున్నంతసేపూ గొణుగుతూనే ఉంది. కట్టె పొయ్యిలోకి పోదని ఆ గొణుగుడులోనే మాకు అర్థమైంది.

దారం కొరికి, చూడమని నా చేతికిచ్చింది. రంధ్రంలో వేలు పెట్టి చుట్టూ తిప్పాను. గుండ్రంగా, నున్నగా, సన్నగా మడిచిన అంచు. నా వేలికి ఆ అంచు తెలుసు. నది దారిన నాన్న చెయ్యి పట్టుకుని నడుస్తూ నేను తిప్పింది ఈ అంచు చుట్టూనే. ఎలుక కొరికిన బట్ట అంత నున్నగా ఉండదు. ఎలుక మడిచి కుట్టదు.

"అన్నా" అన్నాను. "ఎలుక కాదు. నాయిన ఒక్కడు గూడ కాదు. అమ్మ కుట్టింది."

అన్న నాడె ఆపలేదు. నవ్వుతూ తల ఊపాడు. ఎడమచేతి చిటికెన వేలు పక్కన అలాగే నిలబడి ఉంది.